కాడ్ లేదని చెప్పిన మంత్రి

రాగ్నా ఇప్సెన్ పదహారో ఏట మా రేవులో చేపలు కోసే షెడ్డుకు పనికొచ్చింది. నా పక్క బల్లే ఆమెది. అప్పట్లో మా బోర్న్‌హోమ్ ద్వీపంలో పొద్దున్నే పడవలు వస్తే షెడ్డు నిండా కాడ్ చేపలే. జనవరిలో ఆ మంచునీళ్లకు మా వేళ్లు కొయ్యబారిపోయేవి. చేతులు ముంచుకోవడానికి వేణ్ణీళ్లు పెట్టమని ఫోర్‌మన్‌ను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రాగ్నా అడిగింది. అతను నవ్వేశాడు. ఆమె కత్తి బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఒకరి తర్వాత ఒకరం మేమూ పెట్టేశాం. మధ్యాహ్నానికి బకెట్లతో వేణ్ణీళ్లు వచ్చాయి. ఆమె రాజకీయం అక్కడ మొదలైంది.

యూనియన్, తర్వాత పురపాలక సభ, మూడోసారి నిలబడితే పార్లమెంటు. ప్రతి ఎన్నికకూ ఆమె బొమ్మలున్న అట్టలను దీపస్తంభాలకు కట్టింది నేనూ, ఆమె తమ్ముడు థోర్‌వాల్డూ. యాభై ఒకటో ఏట ఆమెను మత్స్యశాఖ మంత్రిని చేశారు. ఆ రోజు థోర్‌వాల్డ్ తన పడవకు జెండా కట్టి, రేవంతటికీ కేకూ కాఫీ పెట్టాడు. అప్పటికే కాడ్ తగ్గిపోతోంది. ఎంత పట్టాలో పొరుగు దేశాల మంత్రులంతా బ్రస్సెల్స్‌లో కూర్చుని నిర్ణయిస్తూ ఏటేటా మా వాటా కోసేస్తున్నారు. ఇక మనమ్మాయే కుర్చీలో ఉంది, ఎవడు కోస్తాడో చూద్దాం అన్నారు ముసలివాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను.

కొన్ని నెలలకే పరిశోధకులు ఆమె ముందు కాగితాలు పరిచారట. కాడ్ ఎదగడం లేదు, వేట పూర్తిగా ఆపాలి అని. ఆమె నమ్మలేదు. కాగితం మీది చేపలు తనకు అర్థం కావని, స్వయంగా చూస్తానని వచ్చి తమ్ముడి పడవెక్కింది. కోయడానికి నన్నూ రమ్మంది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాలుగు చోట్ల వల వేశాం. మూరెడు ఉండాల్సినవి జానెడున్నాయి. తలకాయ పెద్దది, ఒళ్లు ఎండిపోయింది. కోస్తే కాలేయం నిండా పురుగులు. పదిహేనో చేప దగ్గర నేను ఆపేశాను. రాగ్నా చివరిదాకా కోసింది.

థోర్‌వాల్డ్ ఇంజిన్ ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఇది నువ్వు చూడలేదనుకో. రెండేళ్లు నెట్టుకొస్తే ఏదో దారి చూసుకుంటాను."

"చూశాను కదరా."

"మంత్రివి నువ్వు. సంతకం నీదేగా."

"నాదే. అందుకే చెబుతున్నా."

అతను లేచి వెళ్లి మళ్లీ ఇంజిన్ వేసి, పడవను రేవువైపు తిప్పాడు.

డిసెంబరులో ఆమె బ్రస్సెల్స్ వెళ్లి, వేట నిషేధానికి ఒప్పుకుని వచ్చింది. ఐదేళ్లలో కాడ్ తిరిగొస్తుందని జనానికి చెప్పమంది పార్టీ. టీవీలో విలేకరి ఎప్పుడొస్తుందని అడిగితే, "నాకు తెలియదు. నా బతుకులో రాకపోవచ్చు" అంది. షెడ్డులో అందరం నిలబడి చూస్తున్నాం. ఒకతను వెళ్లి టీవీ కట్టేశాడు.

వసంతంలో మంత్రివర్గం మార్చి ఆమెను తప్పించారు. పద్నాలుగు నెలల పదవి. శాఖ అప్పగించేటప్పుడు కానుకలిచ్చుకోవడం ఆనవాయితీ. కొత్త మంత్రి చెక్కతో చేసిన కాడ్ ఒకటి ఆమె చేతిలో పెట్టి, కనీసం ఇదైనా మిగిలిందన్నాడు. అంతా నవ్వారు. కెమెరాల ముందు ఆమె కూడా నవ్వింది.

ఆ వేసవిలో, వేట లేని పడవలను ప్రభుత్వం పరిహారమిచ్చి విరగ్గొట్టించడం మొదలుపెట్టింది. థోర్‌వాల్డ్ పడవ వంతు వచ్చిన రోజు రాగ్నా రేవుకు వచ్చింది. యంత్రం ఇనుప పంజాతో ముందు క్యాబిన్‌ను పీకింది. అప్పుడు తమ్ముడు ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"నువ్వెళ్లిపో అక్కా. నిన్ను తిట్టాలని లేదు నాకు. ఇక్కడే ఉంటే తిడతాను."

ఆమె వెళ్లిపోయింది. వెంట వెళ్లాలో ఉండాలో తెలియక నేను అక్కడే నిలబడిపోయాను. అది తప్పేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాతి ఎన్నికలో మా రేవులో ఆమెకు పదకొండు ఓట్లు పడ్డాయి. షెడ్డు మూతపడింది. ఇప్పుడు నేనూ రాగ్నా వేసవికి వచ్చే యాత్రికులకు అద్దెకిచ్చే ఇళ్లు శుభ్రం చేస్తున్నాం. థోర్‌వాల్డ్ సముద్రంలో గాలిమరలు బిగించే ఓడ మీద పనిచేస్తున్నాడు. దారిలో ఎదురైతే ఆమెకు తలూపుతాడు, అంతే.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ ఐదేళ్ల మాటేదో అనేసి ఉంటే పోయేది కదే?"

"ఏమోనే" అంది రాగ్నా, దిండుకు గలీబు తొడుగుతూ.

మొన్న మేలో థోర్‌వాల్డ్ కూతురికి చర్చిలో కన్ఫర్మేషన్, అదే పిల్లలు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని ప్రకటించే వేడుక, జరిగింది. వాళ్ల వీధంతా జెండాలు. నన్ను పిలిచారు, మేనత్తను పిలవలేదు. నేనూ వెళ్లనన్నాను. "వెళ్లవే, పిల్ల నీ కోసం చూస్తుంది" అని రాగ్నాయే పంపింది. భోజనాలయ్యాక ఆ రోజు మా పని ఉన్న ఇంటికి వచ్చేసరికి, నా వంతు గదులు కూడా రాగ్నాయే కడిగేసి, తాళం వేసి వెళ్లిపోయింది.