కబురందని కడుపు

కార్ఖానా క్యాంటీన్‌లో ఆమెను అందరూ వంటక్క అనేవాళ్ళు. ఆమె నడిచొస్తుంటే వేగిన ఉల్లిపాయల వాసన ముందొచ్చేది, మనిషి వెనకొచ్చేది. "అక్క ఇంకా మలుపు తిరగలేదు, కూర మాత్రం వచ్చేసింది" అని లేత్ మిషన్ల దగ్గర నవ్వుకునేవాళ్ళు. అలా నవ్వినవాళ్ళలో ఒకడు ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక కూడా వేళాకోళం మానలేదు.

ఆ మనిషికి గొంతు కింద గడ్డ లేచింది. మెతుకు సంగతి సరే, గుక్కెడు నీళ్ళు కూడా దిగడం మానేశాయి. ఆసుపత్రిలో పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చారు. తిండంతా ఇక అందులోంచి పోసే పిండిపాలే. ఒంట్లో కాస్త సత్తువ చేరితే గడ్డ కోసి తీస్తామనీ, ఈ బక్క ఒంటితో బల్ల ఎక్కితే మాత్రం దిగడనీ పెద్ద డాక్టరు చెప్పాడు. చెప్పినంతసేపూ ఆయన చూపు ఫోను మీదే ఉంది. వినేవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకు వేరే దారేముంది.

ఆ రోజు నుంచి వంటక్కకు ఒకటే ధ్యాస, అతనికి ఒళ్ళు పట్టాలి. కానీ ఆమె మొట్టమొదట చేసిన పని ఇంట్లో పొయ్యి ఆర్పేయడం. మింగలేనివాడి ముక్కు ముందు వంట చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. అత్తకు క్యాంటీన్ నుంచే మూత బిగించిన డబ్బాలో తిండి తెచ్చేది. ముసలావిడ వెనక వసారాలో తలుపేసుకుని, చప్పుడు కాకుండా నమిలేది. వంటక్క తను కూడా పని దిగగానే క్యాంటీన్ వెనక కుళాయి కింద కూర్చుని, ఒంటి మీద సబ్బు వాసన తప్ప ఏమీ మిగలకుండా రుద్దుకుని, బట్టలు మార్చుకుని ఇంటికొచ్చేది.

అయినా పాలు ఒంటికి పట్టలేదు. పోసిన కాసేపటికే పొట్ట రాయిలా బిగిసిపోయేది, ఆ వెంటనే విరేచనం. దవడలు లోపలికి పోయాయి. అతను మాట్లాడటం కూడా తగ్గించి, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

గొట్టం దగ్గర కట్టు మార్చే నర్సు ఒకరోజు అడిగింది. "పాలు పోసే ముందు ఆయనకి వంట వాసన ఏమన్నా తగులుతుందా అక్కా?"

"తగలనిస్తానా తల్లీ" అంటూ వంటక్క చేసేదంతా చెప్పుకొచ్చింది. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

నర్సు దూది కింద పెట్టింది. "కడుపు తనంతట తాను తెలుసుకునేది సగమే. ముక్కుకి వాసన తగిలితే, కంటికి పళ్ళెం కనిపిస్తే, మెదడు నుంచి నరం గుండా కిందికి కబురెళ్తుంది. నోరూరేది అందుకే. అదే కబురుతో కడుపులోనూ రసం ఊరుతుంది. తిండి పేగులోకి దిగాక పేగు కూడా ఊరుకోదు. రక్తంలోకి రసాయనాలు వదిలి, పిత్తం పంపమంటుంది, పైనున్న కడుపుని కాస్త ఆగి వదలమంటుంది. మీరేమో నిద్రపోతున్న ఇంట్లో సామాను గుమ్మరించినట్టు పోసేస్తున్నారు."

"అంటే నా వల్లేనా?"

"అనడం లేదు. జబ్బు ఉండనే ఉంది. వాసన చూడనివ్వండి, ఒక ముద్ద నమిలించి ఉమ్మేయించండి, ఆ తర్వాత సన్నగా పోయండి. అందరికీ ఒకేలా పనిచేయదు. చూద్దాం."

ఆ సాయంత్రం ఆమె కుళాయి దగ్గర ఆగలేదు. గడపలో అడుగుపెట్టగానే, గోడవైపు తిరిగున్నవాడు ఇటు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే?" అన్నాడు బొంగురుగా.

"ఎక్కడికి పోతానయ్యా, రోజూ వస్తూనే ఉన్నాగా."

"సబ్బు వచ్చేది. నువ్వు రాలేదు. నా నోటి కంపుకి రోత పుట్టి ఒళ్ళు కడుక్కుంటున్నావనుకున్నా."

ఆమె పొయ్యి దగ్గరకెళ్ళి, అంత చప్పుడు అక్కర్లేకపోయినా, బాణలి గట్టిగా పెట్టింది.

అప్పట్నుంచి ఆ గదిలో రోజూ ఉల్లిపాయలు వేగాయి. అతను ముద్ద నమిలి గిన్నెలో ఉమ్మేవాడు, ఆమె గొట్టంలో పాలు సన్నగా వదిలేది. "పెళ్ళైనప్పట్నుంచీ నీ కూర ఉమ్మేయాలని ఉండేది, ఇప్పటికి కుదిరింది" అన్నాడొకసారి. అత్త పళ్ళెం తెచ్చుకుని కొడుకు ఎదురుగానే కూర్చుంది. "వసారాలో నేను తిన్నదానికంటే దోమలు నన్ను తిన్నదే ఎక్కువరా" అంది. పాలు నిలిచాయి. బుగ్గలు కాస్త తేరాయి. కోతకు రమ్మంటారనే ఆశతో ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు.

పెద్ద డాక్టరు కొత్త ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూశాడు. గడ్డ కాలేయానికి పాకింది. ఇక కోసి లాభం లేదన్నాడు.

"ఈ బలం ముందే వచ్చుంటే?" అంది వంటక్క.

"చెప్పలేం" అన్నాడాయన. అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఆమె బతికినన్నాళ్ళూ బతకాలి.

మర్నాడు అలవాటు కొద్దీ పొయ్యి వెలిగించింది. ఉల్లిపాయలు సగం ఎర్రబడ్డాయి.

"ఆపెయ్యవే" అన్నాడు.

"ఏమైంది?"

"ఆకలేస్తోంది."

"పాలు పోస్తాగా."

"పాలకి పోయే ఆకలి కాదిది. కోత కోసమని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నా. ఇంక దేనికి?"

ఆమె మంట ఆర్పింది. కిటికీ రెక్కలు రెండూ తెరిచి, తువ్వాలుతో పొగను బయటికి విసిరింది. "నేను కూడా ఒళ్ళు కడుక్కుని రానా?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండానే.

అతను గోడవైపు తిరగబోయి ఆగాడు. పెదవి కొసన ఊరిన నీళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ ఊరాయి. మళ్ళీ తుడుచుకున్నాడు.