దరఖాస్తులో హాబీ గడి

1984లో నేను చిలకలూరిపేటకు దగ్గర్లోని ఒక శాఖా గ్రంథాలయంలో అటెండరుగా ఉన్నాను. తలుపులు తీయడం, పేపర్లు సర్దడం, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం నా పని. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది కానీ, ఆ రెండు గదుల్లో నేను తెరవని పుస్తకం లేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. వర్క్‌షాపు పనిముట్లు, యంత్రాల మీద మా దగ్గరున్న ఒకే ఒక తెలుగు పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. ఆ ధైర్యంతోనే, పదో తరగతి పాసై ఐ.టి.ఐ.లో సీటు కోరే పిల్లల్ని సాయంత్రాలు కూర్చోబెట్టి ఇంటర్వ్యూకు తయారుచేసేవాణ్ణి.

ఐ.టి.ఐ.లో నేర్పే ఒక్కో పనిని ట్రేడ్ అంటారు. యంత్రభాగాల్ని కొలతకు అరగదీసి, బిగించి, నడిచేలా చేసేది ఫిట్టర్ ట్రేడ్. ఆ ఏడాది దానికోసం సువార్త అనే అమ్మాయి వచ్చింది. ఆడపిల్లలు అడిగే ట్రేడ్ కాదది. వాళ్ల నాన్న దావీదు పత్తి చేలల్లో పురుగుమందు కొట్టే కూలీ.

ఆమె దరఖాస్తు నేనే నింపాను. హాబీ అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ‘పుస్తక పఠనం’ అని రాశాను.

“నేను బడి పుస్తకాలు తప్ప ఏం చదవలేదు గదా మాస్టారూ?”

“ఆ గడిలో గౌరవమైన మాట ఉండాలమ్మా. కూలి పనుల సంగతి అక్కడ ఎత్తకు.”

ఇంటర్వ్యూలో ఆఫీసరు, ఈమధ్య ఏ పుస్తకం చదివావని అడిగాడట. నేను నేర్పినట్టే వర్క్‌షాపు పుస్తకం పేరు చెప్పింది. అందులో నీకు నచ్చిందేమిటని అడిగితే నోరు పెగల్లేదు. సీటు రాలేదు.

“మీరు చెప్పిందే చెప్పాను మాస్టారూ. ఆ తర్వాతది మీరు చెప్పలేదు గదా” అంది. తప్పు పట్టినట్టు కూడా అనలేదు.  ఇప్పుడైనా చదువుకొమ్మని ఆ పుస్తకం ఆమె చేతిలో పెట్టి పంపాను.

మూడు నెలలైనా పుస్తకం వెనక్కి రాకపోతే వాళ్ల పల్లెకు వెళ్లాను. ఇంటి ముందు గోనెపట్టా మీద మందు కొట్టే డబ్బా విడిభాగాలుగా పరిచి ఉంది. సువార్త తోలు వాషర్‌ను ఆముదంలో నానబెడుతోంది. ఎదురుగా ఒక రైతు గొంతుక్కూర్చుని తొందరపెడుతున్నాడు.

“కానీవే అమ్మాయ్! నువ్వు నూనె రాసేలోపు పచ్చపురుగు చేనంతా తినేసిద్ది.”

“ఎండిన వాషరు బిగిస్తే గాలి నిలవదు బాబాయ్. నువ్వు ఊరికే పంపు కొట్టుకుంటా ఉండాలి, పురుగు నవ్వుద్ది.”

పక్కనే నా పుస్తకం. పంపు లోపలి బొమ్మ ఉన్న పుట మీద ఆముదపు వేలిముద్రలు. పుస్తకం పాడు చేసిందని కోపం రావలసిన చోట నాకు సిగ్గు వేసింది. మూడుసార్లు చదివిన నేను ఆ బొమ్మను చూసి పుట తిప్పేసినవాణ్ణే.

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు తెచ్చింది. ఈసారి సీటు రాకపోతే మిరపకాయల తొడిమలు తీసే పనికి తనతో తీసుకుపోతానని వాళ్లమ్మ తేల్చి చెప్పేసింది. హాబీ గడి దగ్గర నేను పెన్ను ఆమెకిచ్చి, “డబ్బాల రిపేరు అని రాయి” అన్నాను.

“వద్దు మాస్టారూ. మందు కొట్టేవాళ్ల పిల్లనని తెలిసిపోద్ది. పోయినేడు మీరే వద్దన్నారు గదా.”

“అది నా తప్పమ్మా.”

 చివరికి ఆమె వంకర అక్షరాలతో ఆ మాటే రాసింది.

ఇంటర్వ్యూ రోజు నేనూ, దావీదూ వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాం. లోపల ఎవరో నవ్వారు. తర్వాత ఆఫీసరు గొంతు వినిపించింది.

“మందు చిమ్మే నాజిల్ మూసుకుపోతే ఏం చేస్తావు? పిన్నీసు పెట్టి పొడుస్తావా?”

“పొడవకూడదు సార్. బెజ్జం పెద్దదైతే మందు ధార కట్టుద్ది, ఆకుల మీద పరుచుకోదు. విప్పి నీళ్లలో కడగాలి.”

“నోటితో ఊదితే సరిపోదూ?”

“అమ్మో, అది పురుగుమందు సార్!”

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ప్రశ్న మీద ప్రశ్న వేశారు. ఆమె ఎక్కడా ఆగలేదు. దావీదు నా చెవి దగ్గరకు వంగి, “మన డబ్బా గురించేనా మాస్టారూ, అంత పెద్దోళ్లు అడిగేది?” అన్నాడు. ఆయన భుజం మీది కండువాకు ఇంకా మందు వాసన కొడుతోంది.

సువార్తకు ఫిట్టర్ సీటు వచ్చింది.

పుస్తకాల మీద నా ప్రేమ తగ్గలేదు. కానీ ఆ తర్వాత ఏ పిల్లకైనా, పిల్లాడికైనా హాబీ గడి నేను నింపలేదు. “ఇంట్లో నీ చేత్తో ఏం చేస్తావు?” అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. అన్నిటికంటే ఆలస్యంగా నేను నేర్చుకున్న పని అదే.