సబ్బు నురుగుతో ఎక్కించిన గ్రిప్పు

మా బావ తాగి బండి మీద నుంచి పడ్డాడని మా చర్చిలో ఇప్పటికీ అనుకుంటారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. బండి మీద నుంచి పడిన రోజు ఆయన చుక్క కూడా ముట్టలేదు. ఆయన పడింది నా వల్ల. ఈ సంగతి ఒకసారి నోటితో చెప్పాను, పనికిరాలేదు. అందుకే రాస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. మంచిర్యాల చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయ మోటార్లు బాగుచేసేవాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త రాగి తీగ చుట్టడం ఆయన పని. ఆ చేతులే ఆదివారం చర్చిలో ఢోలక్ వాయించేవి. పెళ్లికి ముందు కల్లు బాగానే తాగేవాడట. అక్కను చేసుకునేటప్పుడు పాస్టరుకు మాట ఇచ్చి మానేశాడు. కానీ ఒకప్పుడు తాగినవాడు మానేశాడంటే మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు మాలో తక్కువ.

నేనప్పుడు బండ్ల సామాను దుకాణంలో పనిచేసేవాణ్ణి. బావ మోపెడ్ హ్యాండిల్‌కు ఉండే రబ్బరు గ్రిప్పులు ఎండలకు కరిగి జిగటగా తయారయ్యాయి. పట్టుకుంటే అరచేతికి నలుపు అంటుకునేది.

"బామ్మర్దీ, గీ రబ్బర్లు జర మార్చియ్యి రా. బొగ్గుబాయిల డ్యూటీ దిగొచ్చినవా అని మీ అక్క నవ్వుతున్నది" అన్నాడు.

"ఎసొంటియి కావాలె బావా?"

"నల్లయి, గీతలున్నయి, గట్టియి. సోకులద్దు."

నేను సోకులే తెచ్చాను. లావుగా, మెత్తగా, అంచున ఎర్ర గీత ఉన్నవి. దుకాణంలో ఉన్నవాడికి తన ఎంపిక చూపించుకోవాలని ఉంటుంది కదా. "పెండ్లిపిలగాని బండి చేసినవ్ గద రా" అని నవ్వి ఊరుకున్నాడు.

గ్రిప్పు లోపలి బెజ్జం హ్యాండిల్ గొట్టం కంటే కొంచెం ఇరుకుగా ఉంటుంది. పొడిగా ఎక్కదు. లోపల కాస్త పెట్రోలు పోసి, తడి ఆరకముందే ఒక్క ఊపున నెట్టాలి. పెట్రోలు ఆవిరైపోయాక రబ్బరు గొట్టాన్ని కరుచుకుంటుంది. సబ్బునీళ్లతోనూ ఎక్కుతుంది, ఇంకా సులువుగా. ఆరాక గట్టిగానే అనిపిస్తుంది. కానీ సబ్బు ఎక్కడికీ పోదు. లోపలే ఎండి ఉండి, వాన నీళ్లు దిగిన రోజు మళ్లీ జారుతుంది. దుకాణానికి వచ్చేవాళ్లకు ఈ మాట నేనే పదిసార్లు చెప్పేవాణ్ణి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అక్క ఇంట్లోనే తిని, గ్రిప్పులు మార్చడానికి కూర్చున్నాను. పెట్రోలు కావాలంటే ట్యాంకు పైపు లాగాలి. ఒంటి మీద చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా. బట్టలుతికే బండ మీద అక్క వాడే సబ్బు కనబడింది. నురుగు చేసి రెండు గ్రిప్పులూ ఎక్కించేశాను.

బావ వచ్చి పట్టి చూశాడు. "పెట్రోల్ తోనే ఎక్కిచ్చినవా?"

"మరి దేంతోటి ఎక్కిస్తరు బావా?" అన్నాను.

ఎండాకాలం ఉన్నన్నాళ్లు అవి కదలలేదు. మొదటి పెద్ద వాన పడిన రోజు మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ వచ్చింది. కాలువ దగ్గర మీ బావ పడ్డాడని. నేను వెళ్లేసరికి దారిన పోయేవాళ్లు ఆయనను ఆటోలో ఆసుపత్రికి పంపేశారు. బండి స్పీడ్ బ్రేకర్ పక్కన పడి ఉంది. ఎడమ గ్రిప్పు లేదు. నాలుగడుగుల దూరంలో బురదలో కనబడింది. తీసుకుని చొక్కాకు తుడిచి గొట్టానికి తొడిగాను. బలం పెట్టక్కర్లేకుండా జారుతూ ఎక్కేసింది. అంచు నుంచి తెల్లటి నురుగు బయటికి వచ్చింది. దాన్ని బొటనవేలితో తుడిచేశాను.

మర్నాడు పొద్దున అక్క ఆసుపత్రిలో ఉండగా, బండిని వాళ్లింటికి తెచ్చి రెండు గ్రిప్పులూ ఊడదీసి, శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పెట్రోలు పోసి ఎక్కించాను. అప్పుడు పైపు లాగడానికి బద్ధకం వేయలేదు.

నాలుగో రోజు బావను ఇంటికి తెచ్చాం. చర్చి పెద్దలు ఇద్దరు చూడటానికి వచ్చారు. "ఎట్ల పడ్డవ్ కొడుకా?" అని పెద్దాయన అడిగాడు.

"బ్రేక్ పట్టంగనే ఎడమ దిక్కు గ్రిప్పు ఊడి చేతిలకొచ్చింది పెద్దబాపు."

పెద్దాయన లేచి వాకిట్లో ఉన్న బండి దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో గ్రిప్పును గుంజాడు. అది కదలలేదు.

"నాతోటైతె రాలే. గ్రిప్పు గట్టిగనే ఉన్నది. పట్టుకున్నోడే జర వదులైనట్టున్నడు."

రెండో ఆయన నవ్వాడు. "మోటార్ చెయ్యవోయిన ఊర్లె కల్లు మంచిగుంటదంటరు."

"నేను తాగలే" అన్నాడు బావ.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నువ్వు దుకాణంల ఉండేటోనివి. నువ్వు చెప్పు బిడ్డా."

గ్రిప్పు మీద చెయ్యి వేశాను. "గట్టిగనే ఉన్నది పెద్దబాపు" అన్నాను. ఆ మాటలో అక్షరం కూడా అబద్ధం లేదు.

బావ గ్రిప్పును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

పడినప్పుడు విరిగిన బావ మణికట్టు వంకరగా అతుక్కుంది. రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. మోటార్ల పని పోయింది. రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు. సంఘం ముందు తప్పు ఒప్పుకుని ప్రార్థన చేయించుకుంటే అంతా మరిచిపోతామని పెద్దలు కబురు పంపారు. "తాగని కల్లుకు మాఫీ ఎట్ల అడగాలె?" అన్నాడు బావ. ఆ తర్వాత చర్చి లోపలికి అడుగుపెట్టలేదు. ప్రతి ఆదివారం అక్కను గేటు దగ్గర దింపి, రోడ్డు అవతల కల్వర్టు మీద కూర్చునేవాడు. లోపల కొత్తవాడు ఢోలక్ మీద తాళం తప్పినప్పుడల్లా ఆయన మొహం చిట్లించడం కిటికీలోంచి నాకు కనబడేది.

మా చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. ఎవరైనా లేచి తమ జీవితంలో జరిగింది చెప్పవచ్చు. ఆ తర్వాతి ఏళ్లలో నేను చాలాసార్లు లేచాను. బిడ్డ పాసైందని, జ్వరం తగ్గిందని, ఇల్లు పూర్తయిందని కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను.

బావ నాతో మాటలు ఆపలేదు. "బామ్మర్దీ" అనే పిలిచేవాడు. ఒక్కసారి మాత్రం, నేను కొత్త బండి కొన్నప్పుడు, దాని గ్రిప్పును బాగున్న చేత్తో నొక్కి చూసి, "ఇవి కంపెనోళ్లు ఎక్కిచ్చినయి. ఊడయి" అని లోపలికి వెళ్లిపోయాడు.

పోయిన ఏడాది గుండె ఆగి చనిపోయాడు. జ్ఞాపకార్థ కూడిక రోజు నేను లేచి సాక్ష్యం చెప్పాను. సబ్బు, బురద, నురుగు, మర్నాటి పెట్రోలు, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక సంఘమంతా ఆమెన్ అంది. పెద్దాయన కర్ర పట్టుకుని నా దగ్గరికి వచ్చి కౌగిలించుకున్నాడు.

"బావ మీద నీకెంత పాణం బిడ్డా! సచ్చినోని తప్పు నీ నెత్తినేసుకున్నవ్."

"లేదు పెద్దబాపు, నిజంగనే..."

"నాకు తెల్వదా? నేనే గద గుంజి చూసింది" అని వీపు తట్టాడు. వెనుక ఎవరో, "గసొంటి బామ్మర్ది అందరికి దొరుకుతడా" అన్నారు. ఆ రోజు భోజనాల దగ్గర నాకు ముందు వడ్డించారు.

అక్క తినలేదు. ఇంటికి వచ్చాక అడిగింది. "నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే అక్కా."

లేచి వాకిలి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత, "గేటు దాటితె కల్వర్టు. ఇరువై అడుగులు ఉంటదో ఉండదో. ఆయినె ఉన్నప్పుడు గంత దూరం నడువలేకపోతివి గద రా" అంది.

ఇప్పుడు ఆమె కూడా ఆ చర్చికి పోవడం లేదు. మోపెడ్ అదే వాకిట్లో రేకుల కింద ఉంది. ఎర్ర గీతలు వెలిసిపోయాయి. మొన్న వెళ్లినప్పుడు ఎడమ గ్రిప్పును రెండు చేతులతో పట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. అక్క గడపలో నిలబడి చూసింది. అది రాలేదు.

"వదిలెయ్ ఇగ" అని లోపలికి వెళ్లిపోయింది.