రాత్రి రెండింటికి పెట్టిన బ్యాకప్

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే ఫణికృష్ణ ఇప్పుడు ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు ఒకటే అడుగుతాడు: "రాత్రి కరెంటు మెయిన్ ఆపుతారా?" లైన్‌మన్ అడగాల్సిన ప్రశ్న ఇతనికెందుకని నవ్వేవాళ్ళు నవ్వుతారు. అడగాల్సిన చోట ఒక్కసారి అడగలేదు. ఆ బాధ అతన్ని ఇంకా వదల్లేదు.

చెన్నకేశవరావు ఫోటో స్టూడియోలో లినక్స్ కంప్యూటర్ పెట్టింది ఫణికృష్ణే. రోజూ రాత్రి రెండు గంటలకు ఫోటోలన్నీ వాటంతటవే ఇంకో డిస్కులోకి కాపీ అయ్యేలా అమర్చాడు. మొదటిసారి తనే చేత్తో నడిపి చూపించి, "ఇంక మీరు మర్చిపోండి బాబాయ్, అదే చూసుకుంటది" అన్నాడు. రాత్రి రెండు అన్నది హైదరాబాదులో పని నేర్చుకున్నప్పటి అలవాటు. అక్కడి సర్వర్లకు నిద్ర ఉండదు, మార్కాపురం దుకాణాలకు ఉంటుంది. దేవుడి పటానికి దండం పెట్టి, మెయిన్ ఆపి, షట్టర్ దించితేనే ఇక్కడ దుకాణం కట్టేసినట్టు. ఫణికృష్ణ వాళ్ళ నాయన కిరాణా దుకాణంలో నలభై ఏళ్ళుగా చేస్తున్నది అదే. ఫణికృష్ణ కూడా తన దుకాణంలో రోజూ తన చేత్తోనే మెయిన్ ఆపేవాడు. అయినా స్టూడియోలో వేళ పెట్టేటప్పుడు ఆ సంగతే తట్టలేదు; తాళం వేసి గొళ్ళెం మరవడమంటే ఇదే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వెలిగండ్ల వైపు నుంచి గొర్రెలు కాసుకునే చెన్నయ్య, అతని భార్య నాగేంద్రమ్మ ఫోటో దిగడానికి వచ్చారు. ఫణికృష్ణ అక్కడే ఉన్నాడు. చెన్నయ్య భుజం మీది గొంగడి తీయనన్నాడు, చంకలోని గొర్రెపిల్లను దించనన్నాడు. అట్లాగే ఇద్దరినీ కూర్చోబెట్టి తీశారు. చిన్న ప్రింటు చేతికిస్తే, పెద్దది ఎప్పుడన్నా చేయించుకుంటామంది నాగేంద్రమ్మ.

"ఎప్పుడొచ్చినా సరే పెద్దమ్మా. కంప్యూటర్లో భద్రంగా ఉంటది, యాడికీ పోదు." చెన్నకేశవరావు నోరు తెరవకముందే ఫణికృష్ణ మాటిచ్చేశాడు.

ఈ ఎండాకాలం స్టూడియో కంప్యూటర్ డిస్కు పోయింది. ఫణికృష్ణ ధీమాగా రెండో డిస్కు తెరిచాడు. మొదటి రోజు తాను చేత్తో నడిపిన కాపీ తప్ప అందులో ఇంకేమీ లేదు. ఏడాది పొడుగునా రాత్రి రెండింటికి ఆ కంప్యూటర్‌కు కరెంటే లేదు. మధ్యలో ఒక్కసారి ఆ డిస్కు తెరిచి, ఒక్క ఫోటో తిరిగి వస్తుందో లేదో చూసుకున్నా అప్పుడే బయటపడేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కొత్త డిస్కు పెట్టి బ్యాకప్ వేళను పగలు పదకొండుకు మార్చాడు.

పది రోజులకు నాగేంద్రమ్మ ఒక్కతే వచ్చింది. చెన్నయ్య పోయి ఇంకా నెల కాలేదు. పోయిన వానాకాలం ఇల్లు కురిసి చిన్న ఫోటో తడిసి పాడైందట, గోడకు పెట్టుకోవడానికి పెద్దది కావాలంది. ఇద్దరూ కలిసి దిగింది అదొక్కటేనంది. చెన్నకేశవరావు ఫణికృష్ణను పిలిపించాడు.

"ఫోటో లేదు పెద్దమ్మా" అన్నాడు ఫణికృష్ణ. "మిషన్ తప్పు కాదు. నేనే సరిగ్గా చూసుకోలేదు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చిన్నది తడిసినాక, పోయి ఇంకోటి దిగొద్దామని ఆయన రెండుసార్లు అడిగినాడు నాయనా" అంది. "యాడికీ పోదని నువ్వు చెప్పినావు గదా. మళ్ళా అంత దూరం ఎందుకులే అని నేనే ఆపినా."