శ్రీరంగం అన్న మేకు

ఖాళీ డబ్బా కనిపిస్తే చాలు, శ్రీరంగం అన్న దానికి చిల్లి పెడతాడు. కొంటా బజార్లో మా టీ కొట్టు పక్కనే ఆయన పురుగుమందుల దుకాణం. జేబులో మేకు, చేతిలో సుత్తి లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. మా వీధి ఆయనతో వేగలేక అలిసిపోయింది.

ఇదంతా చదువు తెచ్చిన తిప్పలు. విషపు సరుకు అమ్మాలంటే కాలేజీలో పాఠాలు చదివి పరీక్ష పాసవ్వాల్సిందే, లేకపోతే లైసెన్సు ఉండదన్నారు. ఈ వయసులో జగదల్‌పూర్ పోయి, మనవడంత పిల్లల మధ్య, మోకాళ్ళు పట్టని బెంచీలో కూర్చున్నాడు పాపం. గాలి, నీళ్ళు, మట్టి, వాటిని కాపాడే చట్టాలు అన్నీ చదివాడు. వచ్చేటప్పుడు మాత్రం ఒక్క పాఠమే వెంట తెచ్చుకున్నాడు: మందు అయిపోయిన డబ్బాను మళ్ళీ ఎవరూ వాడకుండా చిల్లి పెట్టాలి.

మందు డబ్బాలతో ఆగితే బాగుండేది. వాళ్ళావిడ మంగాదేవి వదిన నెయ్యి డబ్బా కడిగి బోర్లించింది. ఠంగుమని చప్పుడు.

“అయ్యో, అది నెయ్యిది!”

“అనుమానం ఉంటే చిల్లి పెట్టుమని కాలేజీల చెప్పిన్రు.”

“ఆ కాలేజీకే పెట్టాలె చిల్లి! వదినా, ఈయన ఫెయిలైనా బాగుండు గదా!” అని నా దగ్గర మొత్తుకుంది.

బీడీల తునికాకు కోసే రోజులొచ్చాయి. ఎర్రబోరు ఊరి నుంచి ఆకు కోసే సోమి వచ్చింది. పిల్లల్ని వెంటేసుకుని పొద్దంతా అడవిలో ఆకు కోయాలి, నీళ్ళకు గట్టి మూతున్న డబ్బా కావాలి. ఏటా ఈ దుకాణంలోనే ఖాళీ మందు డబ్బా అడిగి పట్టుకుపోతుంది. ఈసారీ అడిగింది. అన్న డబ్బా తీశాడు. ఆమె చెయ్యి చాచింది. టప్!

“గిదేంది సేఠ్! మంచి డబ్బా ఖరాబ్ జేస్తివి! నా పిల్లలు ఎండల దూపకు సావాల్నా?”

“కాలేజీల చెప్పిన్రు.”

“ఆ కాలేజోళ్ళనే రమ్మను, ఆకు కోయనీకి!”

తిట్టుకుంటూ ఖాళీ చేతులతో పోయింది. నాకూ ఒళ్ళు మండింది.

“ఒక్క డబ్బాకు నీదేం పోయిందన్నా?”

“కడిగినా విషం పోదంట చెల్లె, లోపలనే పట్టుకుంటదంట. ఇన్నేండ్లు నా చేతులతోటే ఇచ్చిన,” అని గొణిగి, మేకు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

మర్నాడు నా నీలం నీళ్ళ క్యాన్ మాయం. ఆ పక్క మిఠాయి కొట్టు వాళ్ళది కూడా. దొంగను తిట్టీ తిట్టీ నా నోరు నొప్పి పుట్టింది. తర్వాతి బజారు నాడు, సోమి నా క్యాన్ చంకన పెట్టుకుని ఎదురొచ్చింది.

“ఏయ్, అది నాదే!”

“ఎరుకనే అక్కా. నువ్వే ఇయ్యమన్నవని సేఠ్ సైకిల్ మీద ఎర్రబోరు దాకా తెచ్చిచ్చిండు. మిఠాయోళ్ళది మా పక్కింటోళ్ళకిచ్చిండు. నువ్వు సల్లగుండాలె!”

“ఆ... ఇచ్చిన, ఇచ్చిన,” అన్నాను. పక్క దుకాణంలో సుత్తి చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది.

ఆ సాయంత్రం రెండు కొత్త క్యాన్లు కొన్నాను. ఒకటి కొట్టులో పెట్టి తాళం వేశాను. రెండోది గడప బయట పెట్టాను. అన్న వచ్చి, మూత తీసి వాసన చూశాడు.

“నీళ్ళదేనా చెల్లె?”

“నీళ్ళదే.”

మేకు జేబులో వేసుకుని అటూ ఇటూ చూశాడు. నేను “అమ్మో, పాలు పొంగుతున్నయ్!” అంటూ లోపలికి తిరిగాను.

పొయ్యి మీద పాలే లేవు.