కాలవ అడుగున కప్ప

డెబ్బైల్లో ఒక వేసవి మధ్యాహ్నం, హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ బస్సు కోసం కూర్చున్నాను. నెలన్నర తర్వాత ఆ ముందురోజే కాలికి పిండికట్టు విప్పారు. పిక్క చిక్కి పుల్లలా తయారైంది. బల్ల చివర, ఎండిన బురద కాళ్లతో, పార పట్టుకుని ఒక కూలీ కూర్చున్నాడు. అలాంటివాళ్ల పక్కన కూర్చోవడమే నాకు నామోషీ.

అతను నా పిక్కకేసి జాలిగా చూసేసరికి ఒళ్లు మండింది. జువాలజీ లెక్చరర్ని కదా, పాఠం అందుకున్నాను. చలిదేశాల్లో ఎలుగుబంటి నెలల తరబడి పడుకున్నా కండ కరగదనీ, అలాంటి వింతలు మన దేశంలో ఉండవనీ చెప్పాను. వీడికేం అర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పాను.

"మన కాలవల్లో కప్పలు లేవాండీ?" అన్నాడు. "ఎండాకాలం కాలవకి నీళ్లు ఆపేశాక పూడిక తీస్తుంటే మట్టి కింద ముడుచుకుని కనపడతాయండి. మూణ్ణెల్లు కదలకపోయినా తొడలు గట్టిగానే ఉంటాయి. కాసిని నీళ్లు చల్లితే కాసేపటికి గెంతుతాయండి. తమరెప్పుడూ చూళ్లేదాండీ?"

"కప్పల గురించి నాకు చెప్తున్నావా?" అన్నాను.

బస్సొచ్చింది. నా రెక్క పట్టుకుని ఎక్కించి, పార భుజాన వేసుకుని అతను కాలవ వైపు వెళ్లిపోయాడు.

అప్పటికి పదేళ్లుగా కప్పల్ని కోసి, పిక్క కండ చూపించి పాఠం చెబుతున్న ఘనుణ్ణి నేను. ఏటా వేసవి పరీక్షలకు కప్పలు దొరకడం లేదని మొత్తుకునే అటెండర్ని సోమరిపోతని అందరి ముందూ తిట్టేవాణ్ణి. అవి ఎక్కడికి పోతాయని ఒక్కసారీ అడగలేదు.