అడగొద్దని నేర్పింది నేనే

మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని మా పాప మొదటి రెండు తరగతులు జర్మనీలో చదివింది. అక్కడ ఒకరోజు టీచర్ బోర్డు మీద కూడిక తప్పు చేస్తే ఇది లేచి చెప్పిందట. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే ఆవిడ నన్ను ఆపి మరీ మెచ్చుకుంది. నాకు మాత్రం భయం వేసింది. ఎప్పటికైనా దీన్ని మళ్లీ హైదరాబాద్ బడిలోనే కదా వెయ్యాలి.

తిరిగొచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికి దిగాం. ఎల్బీనగర్‌లో ఒక బడిలో మూడో తరగతిలో చేర్పించాం. నెల తిరక్కుండానే పిలుపొచ్చింది. టీచర్ గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తురాలు.

“పాప తెలివైందేనండి. కానీ పాఠం మధ్యలో పది ప్రశ్నలేస్తుంది. యాభై మంది పిల్లలున్నారు, సిలబస్ ఎలా పూర్తి చెయ్యమంటారు?”

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఇంటికి రాగానే దాన్ని కూర్చోబెట్టి, “ఇది జర్మనీ కాదు బిడ్డా. టీచర్‌ను ఏం అడగొద్దు. బోర్డు మీద ఎట్లుంటే అట్ల రాసుకో, అంతే” అన్నాను. అంతటితో ఊరుకున్నానా? వారం రోజులు నేనే టీచర్నై, చేతులు కట్టుకుని మూతి మీద వేలేసుకుని కూర్చోవడం ప్రాక్టీసు చేయించాను. మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. నేర్చుకుందని సంబరపడ్డాను.

దసరా సెలవుల తర్వాత చూస్తే నోట్సు నిండా తప్పులే. మూడు ఎనిమిదయ్యేది. సగం వాక్యాలు పక్కమ్మాయి పుస్తకంలోంచి ఎత్తి రాసినవే. ధ్యాస లేదని తిట్టాను. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాను.

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ల డాక్టర్ దగ్గర బయటపడింది. నా అద్దాల కోసం వెళ్లి, పనిలో పనిగా దానికీ చూపించాను. గోడ మీది అక్షరాల్లో పై రెండు వరుసలు దాటి చదవలేకపోయింది.

“బోర్డు కనిపిస్తలేదని టీచర్‌కు ఎందుకు చెప్పలే?” అన్నాను.

“ఏం అడగొద్దన్నవ్ గద మమ్మీ.”

“నాకన్న చెప్పొచ్చు గద.”

“నిన్ను గూడ అడగొద్దేమో అనుకున్న.”

డాక్టర్ ముందే ఏడ్చేశాను. దాని నోరు మూయించింది బడి కాదు, నేను.

ఇప్పుడు అద్దాలున్నాయి, మార్కులూ వస్తున్నాయి. రోజూ బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, “ఇయ్యాల టీచర్‌ను ఏమన్న అడిగినవా?” అంటాను.

“ఏం లేదు మమ్మీ, అంత అర్థమైంది” అంటుంది, ఎంతో మర్యాదగా.